మూడో మెట్టు మీద చెక్క

ఫిబ్రవరి 9, సోమవారం
నా గది నుంచి

అక్కకి,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ నువ్వూ బాగానే ఉన్నావని అనుకుంటున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత రాసే ఉత్తరంలో మొదటి వాక్యం ఇంతకంటే బాగుండాలని నాకూ తెలుసు. రాతతో బతికేవాడికి ఈ మాత్రం చేతకాలేదా అని నువ్వు అనుకుంటావు. మూడు కాగితాలు చించేశాను. నాలుగో దాంట్లోనూ ఇదే వచ్చింది, ఇక వదిలేశాను.

ముందు ఫోన్ చేశాను. నీ పాత నంబరుకి ఎవరో ఆవిడ పలికి, రాంగ్ నంబర్ అని విసుక్కుని పెట్టేసింది. అందుకే పోస్టులో వేస్తున్నాను. ఇల్లు మారి ఉండవులే. కుర్చీ ఇటునుంచి అటు జరపడానికే నెలరోజులు ఆలోచించే మనిషివి నువ్వు.

మొన్న పొద్దున్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఎవరికి చెప్పుకోవాలా అని చూసుకుంటే నువ్వు తప్ప ఎవరూ తోచలేదు. ఇన్నేళ్ళు మాట్లాడనివాడికి ఇప్పుడు అక్క గుర్తొచ్చిందా అంటావా, అను. ముందు ఇది విను.

నా పని సంగతి నీకు తెలిసిందే. ఏ ఆఫీసులోనూ నాకు కుర్చీ లేదు. ఎవరడిగితే వాళ్ళకి ఊళ్ళ గురించి రాసిస్తాను. ఎక్కడ దిగాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ బస్సు ఎన్నింటికి, ఏ వీధిలో నడిస్తే బాగుంటుంది, ఇవే నా సరుకు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు సంచీ భుజాన ఉంటుంది. తక్కిన నెలలు ఈ గదిలో బల్ల ముందు కూర్చుని తిరిగిందంతా కాగితం మీద పెడతాను. పక్కింటివాళ్ళు నన్ను పనీపాటా లేనివాడి కింద జమకట్టేశారు. మొన్న ఆ ఇంటాయన ఏమన్నా ఉద్యోగం దొరికిందా బాబూ అని జాలిగా అడిగాడు.

మా పనిలో దొంగతనం ఎక్కువక్కా. నేను ఎండలో నడిచి కనుక్కున్నదాన్ని ఎవడో ఫ్యాన్ కింద కూర్చుని ఎత్తి రాసేసుకుంటాడు. అడిగితే నేనూ వెళ్ళాను, నేనూ చూశాను అని దబాయిస్తాడు. అందుకని మావాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పుస్తకం మొత్తం మీద ఎక్కడో ఒకచోట లేనిది ఒకటి రాస్తారు. దాన్ని ఎర అంటాం. గుట్టకి నూట పన్నెండు మెట్లుంటే నూట పదమూడని రాయడం అన్నమాట. ఇంకొకడి పుస్తకంలో నూట పదమూడు కనపడిందంటే వాడు ఆ గుట్ట ఎక్కలేదని తేలిపోతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, కూర్చున్న చోటినుంచి కదలకుండా అన్ని ఊళ్ళ దూరాలూ చెప్తాడని మేం మైలురాయి అనేవాళ్ళం. ఆయన ఎరకి ఒక్కటే కట్టుబాటు పెట్టాడు. ఎక్కడైనా పెట్టుకో గానీ మంచం దగ్గరా మంచినీళ్ళ దగ్గరా మాత్రం పెట్టకు, అలిసిపోయినవాళ్ళు వాటిని నమ్ముకుని వస్తారు అనేవాడు.

నేను మంచం దగ్గర పెట్టాను.

నాలుగేళ్ళ కిందటి మాట. బస్సు మారడానికి ఒక చిన్న ఊళ్ళో అరగంట ఆగాను. స్టాండు వెనక వీధిలో ఒక గడియారాల రిపేరు షాపు, పక్కనుంచి మేడ మీదికి మెట్లు, పైన తాళం వేసిన వాటా, దానికి పచ్చరంగు కిటికీ. అంతే చూశాను. బస్సు ఎక్కాక, కుదుపుల్లోనే, పుస్తకంలో ఎర రాశాను. అది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఇదిగో:

గడియారాల షాపు పైన మూడు గదుల లాడ్జి. ఫోన్ లేదు, నేరుగా వెళ్ళి అడగాలి. మూడో మెట్టు కిర్రుమంటుంది, అలవాటైనవాళ్ళు దాన్ని దాటి అడుగేస్తారు. పచ్చ కిటికీ గదిలోంచి నది కనపడుతుంది. నడిపే ఆవిడ జుట్టుముడిలో పెన్సిల్ గుచ్చుకుని ఉంటుంది. తువ్వాళ్ళు మూడు మడతలు పెడుతుంది. వెళ్ళేటప్పుడు మీ బస్సు టైములు చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీసి ఇస్తుంది. ఆవిడకి తెలియకపోతే తెలియదు, కనుక్కుని చెప్తాను అంటుంది. ఆవిడ టైము చెప్తే మీ గడియారం సరిచేసుకోవచ్చు.

కోప్పడకు. లేని మనిషిని కల్పించేటప్పుడు చేతికందిన మనిషినే తీసుకుంటాం. మూడో మెట్టు కూడా మన ఇంటిదే. ముప్ఫై ఏళ్ళు బస్టాండు ఎంక్వైరీ కౌంటర్లో కూర్చున్నదానివి, ఒక్కరికీ తప్పు టైము చెప్పనిదానివి, నీకంటే నమ్మకంగా కనపడేవాళ్ళు నాకు ఇంకెవరు దొరుకుతారు?

ఎర బాగానే పనిచేసింది. ముగ్గురు దొంగలు దొరికారు. వాళ్ళలో ఒకడు ఆ లాడ్జిలో రెండు రోజులున్నాననీ, వెళ్ళేటప్పుడు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుందనీ రాశాడు. నిన్ను ఏడిపించడం వాడి తరమా అని నేను పొట్టపట్టుకుని నవ్వాను.

మొన్న ఆ నవ్వు వదిలిపోయింది. ఎడిటర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారు. దాంతోపాటు ఒక పాఠకుడు రాసిన కార్డు పంపింది. ఆయన ఆ లాడ్జిలో దిగాడట. నేను రాసినట్టే ఉందట, ఆవిడ ఇచ్చిన చీటీలో టైములు నిమిషం తేడా లేకుండా సరిపోయాయట. కాకపోతే మూడో మెట్టు చప్పుడు మరీ ఎక్కువైంది, కొత్త పుస్తకంలో ఆ సంగతి కలపండి అని మనవి చేసుకున్నాడు.

ఆ కార్డు చదివాను. తిప్పి చూశాను, మళ్ళీ చదివాను. ఎవడో నాతో ఆటాడుతున్నాడనుకున్నాను. ఎర సంగతి నాకూ మైలురాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు, మైలురాయి పోయి ఏడాదైంది. లేని లాడ్జిలో మనుషులు ఎలా పడుకుంటారు? 

ఎడిటర్ ఇంకో మాట రాసింది. ఈసారి పుస్తకంలో ప్రతి లాడ్జిలోనూ స్వయంగా దిగి చూశాననీ, అంతా నిజమనీ నెలాఖరులోపు సంతకం పెట్టివ్వాలట. పెడితే అబద్ధం. పెట్టకపోతే ఎందుకని అడుగుతుంది. ఒక్కచోట అబద్ధం రాశాడంటే ఇరవై ఏళ్ళ నా రాతంతా అబద్ధమే అంటారు. నన్ను ఇక ఎవరూ ఏ ఊరూ పంపరు. నువ్వు చెప్పు, నేనేం చెయ్యాలి?

పడవ గొడవ మళ్ళీ ఎత్తనులే. ఆఖరి పడవ ఆరింటికని నేను రాయడం, అది ఐదింటికే వెళ్ళిపోవడం, ఆ కుటుంబం పిల్లలతో అవతలి ఒడ్డున తెల్లారేదాకా చలిలో ఉండిపోయి పత్రికకి రాయడం, అన్నీ గుర్తున్నాయి. అసలు వెళ్ళావా అక్కడికి అని నువ్వు అడిగావు. వెళ్ళాను, అది అచ్చుతప్పు అన్నాను. ఆ వారమంతా జ్వరంతో నా ఇంట్లోనే పడున్నావు కదరా అని నువ్వన్నావు. అంతకుముందు వారమే వెళ్ళొచ్చానని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను. కానీ దాని తర్వాత నేనన్న మాట ఉంది చూడు, బతుకంతా కౌంటర్ కిటికీ వెనక కూర్చుని ఊళ్ళవాళ్ళకి టైములు చెప్పావు గానీ ఒక్కసారైనా బస్సెక్కావా, నీకేం తెలుసు ప్రపంచం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నువ్వు ఒక్క ముక్క రాసినా చాలు. తెలియదు, కనుక్కుని చెప్తాను అని రాసినా చాలు.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరే,
బొంగరం


ఫిబ్రవరి 25, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు
పచ్చ కిటికీ గది నుంచి

అక్కకి,

ఈసారి క్షేమమా అని అడగను. అడిగే మొహం నాకు లేదు, పైగా నీ క్షేమం సంగతి నిన్ననే వేరేవాళ్ళ నోట విన్నాను. మొదటి ఉత్తరం నువ్వింకా విప్పలేదు. అది ఇప్పుడు నా ఎదురుగా, నీ బల్ల మీదే ఉంది. ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్తాను. నేను ఇంకా తేరుకోలేదు, వరసగా చెప్తే గానీ తేరుకునేలా లేను.

నీ జవాబు కోసం పదిహేను రోజులు చూశాను. రాలేదు. నెలాఖరు దగ్గరపడింది. ఇక ఉండబట్టలేక, నిన్న తెల్లవారుజామున బస్సెక్కి పదకొండింటికి ఈ ఊళ్ళో దిగాను. స్టాండు వెనక వీధి అలాగే ఉంది. గడియారాల షాపు అలాగే ఉంది. మెట్ల పక్కన ఒక చెక్క బోర్డు, దాని మీద లాడ్జి పైన అని తెల్లరంగుతో రాసి, బాణం గుర్తు.  నేను బస్సు కుదుపుల్లో పుట్టించిన లాడ్జికి ఎవరో బోర్డు కట్టారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాను, కానీ షాపులోకే వెళ్ళాను.

షాపు ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని ఒక చేతిగడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని చిన్నముల్లు అంటారట, అంత నెమ్మదిగా నడుస్తాడని. గది కావాలన్నాను. లాడ్జి ఆవిడ కంటి ఆపరేషన్ కోసం సోమవారం సిటీకి వెళ్ళింది, గురువారం మధ్యాహ్నం వస్తుంది, అందాకా తాళాలు నా దగ్గరే పెట్టింది, పచ్చ కిటికీ గది ఖాళీగానే ఉంది అన్నాడు. తాళంచెవి తీసిస్తూ, ఎలాగూ పైకి వెళ్తున్నారు కదా, ఆవిడకి నిన్న ఒక ఉత్తరం వచ్చింది, కాస్త ఆవిడ బల్ల మీద పెట్టేయండి అని ఒక కవరు నా చేతిలో పెట్టాడు.

నా కవరు. నా చేతిరాత. నేను రాసిన మన పాత ఇంటి చిరునామా ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. కింద పోస్టాఫీసువాళ్ళు కొత్త చిరునామా రాశారు. గడియారాల షాపు పైన, అని.

 ఆ రెండు చిరునామాలూ మళ్ళీ మళ్ళీ చదువుతూ నిలబడ్డాను. చిన్నముల్లు లేచొచ్చి ఎండ తగిలిందా అని అడిగి, తన స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అవునండీ ఎండే అన్నాను. ఫిబ్రవరి నెలలో, మబ్బు పట్టిన రోజున.  నీళ్ళు తాగి, లాడ్జి ఆవిడ ఎప్పట్నుంచి ఉంటోందని అడిగాను. ఆయన తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. షాపులో గడియారాలన్నీ ఒక్కొక్కటి ఒక్కొక్క టైము చూపిస్తున్నాయి, మధ్యలో ఏదో ఒకటి కొడుతూనే ఉంది.

నా పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఆయనకి కష్టాలు మొదలయ్యాయట. సంచులు మోసుకుంటూ మనుషులు రావడం, పైన లాడ్జి ఎక్కడ అని అడగడం. మొదట ఆయన వీళ్ళకేమన్నా మతి పోయిందా అనుకున్నాడు. లేదంటే ఒప్పుకునేవాళ్ళు కాదట, పుస్తకం తీసి చూపించి, ఇదిగో మెట్లు ఉన్నాయి, ఇదిగో పచ్చ కిటికీ ఉంది అని వాదనకి దిగేవాళ్ళట. ఒక ముసలి జంట వానలో ఆఖరి బస్సు పోయాక అదే మెట్ల మీద కూర్చుండిపోయారట. ఆయనే షాపులో బెంచీలు జరిపి పడుకోబెట్టాడు. ఇక విసుగెత్తి, పైన లాడ్జి లేదు అని బోర్డు రాసి కట్టాడు.

ఒకరోజు మధ్యాహ్నం గుడ్డసంచీ, గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చి ఆ బోర్డు ముందు నిలబడిందట. కళ్ళజోడు పెట్టెలోంచి మడత పెట్టిన కాగితం తీసి చదివింది. బోర్డు చదివింది. మళ్ళీ కాగితం చదివింది. ఎన్ని గంటల ప్రయాణం చేసొచ్చారమ్మా అని ఆయన అడిగితే, తొమ్మిది గంటలు, ఊరు దాటి బస్సెక్కడం ఇదే మొదటిసారి అని చెప్పిందట. ఇక్కడ లాడ్జి లేదమ్మా, ఎవడో పని లేనివాడు రాశాడు అన్నాడట. ఇప్పటిదాకా ఎంతమంది వచ్చి వెనక్కి పోయారు అని అడిగిందట. ఓ ముప్ఫైమంది ఉంటారు అన్నాడు. మరి వాళ్ళందరూ ఎక్కడ పడుకున్నారు అని అడిగిందట. నాకేం తెలుసమ్మా అన్నాడు.

అప్పుడు ఆవిడ మూడో మెట్టు మీద కూర్చుందట. అరగంట అలాగే కూర్చుని, లేచి, పైవాటా ఎవరిదని అడిగింది. నాదే అన్నాడు. అద్దెకిస్తారా అంది. ఎందుకమ్మా అని ఆయనంటే, రాసినవాడు మా తమ్ముడు, వాడు రాశాడంటే ఇక్కడ లాడ్జి ఉండాలి అని చెప్పి, ఆయన బోర్డు ఊడదీయించి, వెనక్కి తిప్పి, దాని వెనకవైపే లాడ్జి పైన అని రాసిందట.

ఇదంతా చెప్పి చిన్నముల్లు, ఆవిడ తమ్ముడు పెద్ద రచయిత తెలుసా, వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది, మా తమ్ముడు కాలు పెట్టని చోటు గురించి ఒక్క అక్షరం రాయడు అని, అన్నాడు. నేను తల వంచుకుని తాళంచెవిని చూస్తూ కూర్చున్నాను అక్కా. ఇరవై ఏళ్ళలో నా గురించి పత్రికల్లో వచ్చిన పొగడ్తలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత బరువు లేవు, ఆ బరువుకి నేను మెట్లెక్కలేకపోయాను.

ఎక్కాక మొదలైంది అసలు సంగతి. నా అలవాటు నీకు తెలుసు, గదిలోకి వెళ్ళగానే పెన్సిల్ తీసి ఒక్కొక్కటీ సరిచూస్తాను. నిన్న నా అబద్ధాన్ని నేనే ఒక్కొక్క వాక్యం సరిచూశాను. ఈ మెట్లు సిమెంటువి, సిమెంటు మెట్టు చచ్చినా కిర్రుమనదు. నేను చూడకుండా రాసేశాను. నువ్వేమో మూడో మెట్టు మీద ఒక చెక్క వేయించావు, వదులు మేకులతో. మూడు గదులూ మూడే. తువ్వాళ్ళు మూడు మడతలు. బల్ల సొరుగులో చీటీల కట్ట, ప్రతి చీటీ కిందా ముందే గీసిపెట్టిన రెండు గీతలు. ఫోన్ లేదు. అసలు ఫోన్ ఎందుకు పెట్టలేదని చిన్నముల్లుని అడిగితే, పుస్తకంలో లేదని ఉంది కదా అందట, వచ్చేవాళ్ళు నమ్మకంతో వస్తారు, ఏదీ మారకూడదు అందట.

చివరికి కిటికీ తీశాను. నది కనపడుతుందని రాశాను కదా. ఎదురుగా ఒక గోడౌను గోడ ఉంది. అంతే ఉంది. దీన్ని మాత్రం అక్క ఏం చేస్తుంది పాపం అనుకుంటూ రెక్క వెనక్కి నెట్టాను. అక్కడ నీ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. నది ఈ కిటికీలోంచి కనపడదు, డాబా మీదికెక్కి ఎడమవైపు తిరిగితే కొంచెం కనపడుతుంది, పుస్తకంలో రాసినాయన పొరపాటు పడ్డాడు, మంచివాడు, మన్నించండి. కింద రెండు గీతలు.

ఆ కాగితం ముందు నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తున్నాను. అక్కడ నిలబడలేక డాబా ఎక్కాను. ఎడమవైపు తిరిగాను. రెండు కప్పుల మధ్య, తువ్వాలంత మేర నది కనపడింది. నువ్వు చెప్పిన చోటే, నువ్వు చెప్పినంతే.

నీ రిజిస్టరు చూశాను, అతిథినే కాబట్టి తప్పు లేదనుకున్నాను. మూడేళ్ళలో నాలుగు వందల పైచిలుకు మనుషులు. ఇక్కడి సంగతి ఎలా తెలిసింది అనే గడిలో అందరూ పుస్తకం, పుస్తకం అని రాశారు. ఆ ముసలి జంట మళ్ళీ వచ్చారు, ఈసారి మంచం మీద పడుకున్నాం అని రాశారు. నేను దొంగల కోసం పెట్టిన ఎరలో దొంగలు ముగ్గురే పడ్డారు. తక్కినవాళ్ళందరూ అలిసిపోయినవాళ్ళే. వాళ్ళని నువ్వు ఒక్కొక్కరినీ పట్టుకుని పడుకోబెట్టావు.

మైలురాయి మాట కాదని మంచం దగ్గరే ఎందుకు పెట్టానా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. దొంగల్ని పట్టుకోవడానికి ఒక మెట్టు ఎక్కువ రాసినా సరిపోయేది. ఆ రోజుకి నేను పదిహేడు ఊళ్ళు తిరిగి ఉన్నాను. పదిహేడు చోట్లా తాళంచెవి ఇచ్చారు గానీ వచ్చావా అని ఎవరూ అడగలేదు. నీ గదిలాంటి గది ఒకటి ఎక్కడో ఉందని రాసుకుంటేనైనా బాగుంటుందనిపించింది. నువ్వు ఆ పుస్తకం కొంటావని కూడా నాకు తెలుసు.

సంతకం సంగతి తేల్చేశాను. పొద్దున పోస్టాఫీసుకి వెళ్ళి ఎడిటర్‌కి ఉత్తరం వేశాను. ఈ లాడ్జి నేను రాసినప్పుడు లేదు, అది నా కల్పన, తర్వాత మా అక్క దాన్ని నిజం చేసింది, నిన్న నేను స్వయంగా దిగి చూశాను, నది మాట ఒక్కటి కొట్టేసి డాబా మాట కలపండి, ఇవన్నీ తెలిశాక నా పుస్తకం వేస్తారో మానేస్తారో మీ ఇష్టం అని రాశాను.  నాకిక ఎవరన్నా పని ఇస్తారో లేదో తెలియదు. కానీ నువ్వు నిలబెట్టిన గోడల మీద మళ్ళీ దొంగసంతకం పెట్టలేను.

మా ఊరివైపు వెళ్ళేది నాలుగుంబావు బస్సొక్కటే, దానికి వెళ్ళిపోతున్నాను అక్కా. రేపు నువ్వు కంటికి కట్టుతో దిగుతావు, ఆ కన్ను ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. తువ్వాలు మూడు మడతలు పెట్టాను. కిటికీ మూశాను. నీ కాగితం అలాగే ఉంచాను. నా పేరు రిజిస్టరులో రాశాను, ఆ గడిలో మాత్రం ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

కన్ను జాగ్రత్త.

ఇట్లు,
నీ తమ్ముడు,
బొంగరం

తా.క. ఉత్తరం కవర్లో పెట్టి, సంచీ భుజాన వేసుకుని కిందికి దిగాను. చిన్నముల్లు కవరు అందుకోలేదు. ఆవిడకి కట్టు విప్పేదాకా పదిహేను రోజులు అక్షరం ముఖం చూడొద్దన్నారు, మరి ఇదెవరు చదివిపెడతారు అని అడిగాడు. మీరే చదవండి అన్నాను. గడియారం మీద అంకెలు తప్ప నేనేమీ చదవను, మీ ఇంటి మాటలు నా నోట బాగుండవు అన్నాడు. మీ ఇంటి అని ఆయన అన్నాక గానీ నాకు తట్టలేదు. ఎలా తెలిసిందండీ అన్నాను. పుస్తకం చదివి వచ్చినవాళ్ళందరూ కిర్రుమంటుందో లేదో చూద్దామని మూడో మెట్టుని కావాలని తొక్కుతారట. ఆవిడ చెక్క వేయించిన రోజే చెప్పిందట, చూడకుండా దాన్ని దాటి అడుగేసినవాడు ఒకడు ఎప్పటికైనా వస్తాడు, వాడికి పచ్చ కిటికీ గది ఇవ్వండి, నేను లేకపోతే నాలుగుంబావు బస్సు ఎక్కనివ్వకండి అని. నిన్నటి నుంచీ తొమ్మిదిసార్లు ఎక్కి దిగాను, షాపులో కూర్చుని ఆయన లెక్కపెట్టుకున్నాడు, ఒక్కసారీ చప్పుడు రాలేదట. ఎర పెట్టడం నాకే వచ్చనుకున్నాను.

సంచీ మళ్ళీ పైన పెట్టాను. వెళ్ళిపోతున్నానని పైన రాసింది కొట్టేయలేదు, అది కూడా నువ్వు వినాలి. రేపు నువ్వు రాగానే రెండు ఉత్తరాలూ నేనే చదివి వినిపిస్తాను. మొదటిదాంట్లో పడవ దగ్గర అచ్చుతప్పు అని రాసి ఉంటుంది. అక్కడ ఆగి, నోటితోనే చెప్పాలని ఉంది. నా నోటిని నమ్మలేను కాబట్టి ఇక్కడా రాసిపెడుతున్నాను. ఆ పడవ దగ్గరికి నేను వెళ్ళలేదు అక్కా. అంతకుముందు వారం కూడా వెళ్ళలేదు. ఆ వారమంతా నీ ఇంట్లో, నువ్వు వేసిన తడిగుడ్డ కిందే ఉన్నాను.